మన పేరు, వాళ్ళ పని



తిరుపతిలో హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న కొందరం కూర్చుని ఇది రాస్తున్నాం. మాలో యానాదులున్నారు, ఎరుకలోళ్ళున్నారు, సుగాలీలున్నారు, నక్కలోళ్ళున్నారు. మా అందరి ఇండ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోస్టు పొడుగ్గా ఉంటుంది. కరెంటు బిల్లులో కింద మొత్తం ఒక్కటి చూసి మడిచి పెట్టినట్టు కాకుండా, పైనుంచి చదవమని మనవి.

పోయిన వారం మన గ్రూపులో నామినేషన్ పనుల మీద పెద్ద గొడవే అయింది. ఒక అన్న "నామినేషన్ అంటేనే దొంగతనం, మొత్తం ఎత్తేయాలి" అన్నాడు. ఇంకో అన్న "మనకొచ్చిందే చిటికెడు, దాని మీద నోరు చేసుకుంటే అదీ పోతుంది, గమ్మునుండండి" అన్నాడు. ఎక్కువ మంది మాత్రం "ఏ పార్టీ అయినా ఒకటే, ఎవడొచ్చినా తినేదే, మనకెందుకు" అని చేతులు దులుపుకున్నారు. ఈ మూడు మాటలకీ మా జవాబు ఇది. మొదటి అన్న మాట సగం నిజం. రెండో అన్న భయం మాకు అర్థమైంది, కానీ ఒప్పుకోం. మూడో మాట ఉంది చూడండి, కాంట్రాక్టర్లు మన నోటి నుంచి వినాలని కోరుకునేది సరిగ్గా ఆ మాటే.

1. అసలు నామినేషన్ అంటే ఏంది?

తెలిసినోళ్ళు ఈ భాగం దాటేయొచ్చు. ప్రభుత్వం ఒక రోడ్డు వేయాలన్నా, ఒక గోడ కట్టాలన్నా, హాస్టల్‌కి సరుకులు కొనాలన్నా మామూలుగా టెండర్ పిలవాలి. పని ఇదీ, ఎస్టిమేటు ఇంతా అని అందరికీ తెలిసేలా ప్రకటించాలి. ఎవరెంతకు చేస్తారో రాసిస్తారు. అర్హత ఉన్నోళ్ళలో తక్కువ రేటు వేసినోళ్ళకి పని పోతుంది. నామినేషన్‌లో ఇదేమీ ఉండదు. "ఈ పని ఫలానా వాళ్ళకి ఇస్తున్నాం" అని ఆఫీసులో ఒక కాగితం పుడుతుంది, అంతే.

నామినేషన్ మొత్తం తప్పని మేమనడం లేదు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా. రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్ట లీకై, తెగిపోతుందేమోనని కింద ఊర్లు ఖాళీ చేయించారు. అట్లాంటప్పుడు టెండర్ నోటీసు ఇచ్చి రోజులు లెక్కపెడుతూ కూర్చోమని ఎవరూ చెప్పరు. దగ్గర్లో ఎవరికి జేసీబీ ఉంటే వాళ్ళని పిలవాల్సిందే, ఇసుక మూటలు వేయించాల్సిందే.

ఇంకో రకం కూడా ఉంది. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, గిరిజన హాస్టళ్ళకి సరుకులు ఇస్తుంది. చేనేత సంఘాల ఆప్కో దగ్గర హాస్టళ్ళకి దుప్పట్లు కొంటారు. బజార్లో వ్యాపారితో రేటు దగ్గర పోటీ పడలేని అడవి బిడ్డలకి, నేత పనోళ్ళకి ఆసరాగా ఉండాలని పెట్టుకున్న ఏర్పాటు అది. అది మనకు కావాలి. దాంట్లో కూడా ఏ సరుకు ఏ రేటుకి కొన్నారు, నాణ్యత ఎట్లుంది అని అడిగే హక్కు మనకుంది.

అంటే నామినేషన్ అనేది ఒక తలుపు. ఇల్లు కాలుతున్నప్పుడు బయటికి రావడానికి ఒక తలుపు ఉండాలి. పోటీలో నిలబడలేని పేదోడు లోపలికి రావడానికీ ఒక తలుపు ఉండాలి. మా గొడవంతా, ఆ తలుపు తాళం ఎవరి మొలతాడుకి వేలాడతా ఉందనే.

2. చట్టంలో మన వాటా, ఊర్లో మన వాటా

2019 జులైలో అసెంబ్లీలో ఒక చట్టం చేశారు. నామినేషన్ మీద ఇచ్చే పనుల్లో, సేవల కాంట్రాక్టుల్లో 50 శాతం బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనార్టీలకే ఇవ్వాలని. అందులో సగం ఆడవాళ్ళకి. ఎస్టీల వాటా 6 శాతం. వినడానికి ఎంత బాగుంది! నూరు పనులుంటే ఆరు మన కాలనీలోళ్ళు, మన తండాలోళ్ళు చేయాలి. అందులో మూడు మన అమ్మలు, అక్కలు చేయాలి.

ఇప్పుడు మీ ఊర్లో లెక్క తీయండి. సిమెంటు రోడ్డు, సైడు కాలువ, స్కూలు ప్రహరీ, వాటర్ ట్యాంకు రిపేరు... వీటిల్లో మనోళ్ళు కాంట్రాక్టరుగా చేసిన పని ఒక్కటి చూపించండి. కూలీగా చేసింది కాదు మేమడిగేది. మట్టి మోసింది మనమే, కాంక్రీటు కలిపింది మనమే, అది అందరికీ తెలుసు. అగ్రిమెంటు మీద సంతకం పెట్టి, బిల్లు చేతికి తీసుకుని, మిగిలింది ఇంటికి తెచ్చుకున్న మనిషి ఎవరు?

మేం హాస్టళ్ళలో ఒకరినొకరు అడిగి చూసుకున్నాం. తేలింది ఇది. కాగితం మీద మనోళ్ళున్నారు, పని దగ్గర లేరు. ఊర్లో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి వస్తాడు. "నీ పేరు మీద ఒక లైసెన్సు తీద్దాం, నీకేం ఖర్చు లేదు, నీకింత ఇస్తా" అంటాడు. మా నాయనలకి ఆయన ముందు కూర్చోవడమే అలవాటు లేదు. ఆధార్ తీసుకుంటాడు, పాన్ కార్డు తీయిస్తాడు, జీఎస్టీ నంబరు తీయిస్తాడు, బ్యాంకులో ఖాతా తెరిపిస్తాడు. చెక్కు బుక్కు మొత్తానికీ సంతకాలు పెట్టించి తన బీరువాలో పెట్టుకుంటాడు. ఆ తర్వాత పని ఆయనది, ఎం బుక్కులో కొలతలు రాయించుకునేది ఆయన, బిల్లు తీసుకునేది ఆయన. మనకు పండగకి ఒక చీర, ఒక పంచె, చేతిలో రెండు మూడు వేలు. దీన్ని వాళ్ళ భాషలో "పేరు వాడుకోవడం" అంటారు. మన భాషలో ఏమనాలో మీరే చెప్పండి.

సరే, రెండు మూడు వేలైనా వచ్చింది కదా అనే అన్నలకి, ఆ తర్వాత జరిగేది చెప్తాం. ప్రతి బిల్లులోనూ పన్ను కోస్తారు. అది ఆ పాన్ నంబరు మీద పడుతుంది. కోసిన పన్ను వెనక్కి రాబట్టుకోవాలని ఆ పెద్దమనిషి ఆడిటర్‌తో మన మనిషి పేరు మీదే రిటర్నులు వేయిస్తాడు. అప్పటిదాకా కూలి పని చేసుకునే యానాది, కంప్యూటర్లో లక్షల టర్నోవర్ ఉన్న కాంట్రాక్టర్ అయిపోతాడు. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టే ఇల్లయితే బియ్యం కార్డుకి అర్హత లేదు. కేంద్రం ఇచ్చే ఎస్టీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి ఏడాదికి 2.5 లక్షల ఆదాయం దాటకూడదు. మాలో ఒక తమ్ముడి ఇంట్లో ఇదే జరిగింది. ఇంటికి ఐదేళ్ళలో వచ్చింది పదివేలు కూడా లేదు. కార్డు మీద అభ్యంతరం వచ్చింది, ఆ కార్డు ఆధారంగా వాడికి రావాల్సిన ఫీజు ఆగింది. వాళ్ళ నాయన సచివాలయం చుట్టూ తిరుగుతున్నాడు. "నీ పేరు మీద బిజినెస్ ఉంది కదా" అంటే ఏం చెప్పాలో తెలియక నిలబడతాడు. నిజం చెప్తే బినామీ అని తానే ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే కొడుకు చదువు పోతుంది.

పని నాసిరకం అయి రోడ్డు పగిలితే, రేపు ఎవరైనా విచారణకి వస్తే నోటీసు ఎవరి పేరు మీద వస్తుంది? సంతకం ఎవరిది? లాభం బీరువాలోకి, నోటీసు గుడిసెలోకి. ఆ 6 శాతంలో మన గడప దాకా నడిచొచ్చింది ఆ నోటీసొక్కటే.

3. పోటీ ఎట్ల పెట్టాలో వాళ్ళకి తెలియక కాదు

"చిన్న పనులకి టెండర్లు పెడితే లేటవుతుంది, ఆఫీసులో స్టాఫ్ లేరు, సిస్టమ్ లేదు" అని చెప్తారు. మన తిరుపతిలోనే ఉండి ఈ మాట ఎట్ల నమ్మాలి?

కొండ మీద భక్తులు తీసిన తలనీలాలకి టీటీడీ ఈ-వేలం పెడుతుంది. వెంట్రుక పొడవును బట్టి రకాలుగా విడదీసి, ఏ రకానికి ఎంత ధర పలుకుతుందో చూసి అమ్ముతుంది. కోట్లు వస్తాయి. శేషాచలం అడవిలో పట్టుకున్న ఎర్రచందనం దుంగల్ని గ్రేడులు వేసి, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ద్వారా ఈ-వేలం వేస్తారు. విదేశాల నుంచి కొనేవాళ్ళు వస్తారు. అంటే ఒక వెంట్రుకకి సరైన ధర ఏంటో, ఒక దుంగకి సరైన ధర ఏంటో కనుక్కోవడానికి పోటీ పెట్టాలని మన ప్రభుత్వాలకి, సంస్థలకి బాగా తెలుసు. అమ్మేటప్పుడు ఇంత తెలివి ఉన్నోళ్ళకి, మన కాలనీలో రోడ్డు వేయించేటప్పుడు ఆ తెలివి ఎక్కడికి పోతుంది? ఎవరి ఇంటికి పోతుందో ఊర్లో చిన్న పిల్లోడిని అడిగినా చెప్తాడు.

4. పెద్దోళ్ళ నామినేషన్

మన దగ్గర లక్షల్లో జరిగేదే పైన కోట్లలో జరుగుతుంది. దానికి మన జిల్లా దాటి గోదావరి దాకా పోవాలి. అక్కడ చేతులు మారిన పని మన కోయల, కొండరెడ్ల ఊర్ల మీద కడుతున్న పోలవరం.

పోలవరం హెడ్ వర్క్స్ 2013లో టెండర్ ద్వారా ట్రాన్స్‌ట్రాయ్‌కి పోయింది. పని సాగడం లేదని 2018 మొదట్లో అందులోంచి పెద్ద ముక్కలు తీసి నవయుగకి నామినేషన్ మీద ఇచ్చారు. పాత రేట్లకే చేస్తామంటున్నారు, ఇంక టెండర్ ఎందుకు అన్నది అప్పటి వాదన. 2019లో ప్రభుత్వం మారింది. నామినేషన్ మీద ఇచ్చింది తప్పని కాంట్రాక్టు రద్దు చేశారు. రివర్స్ టెండరింగ్ పెట్టారు. జలవిద్యుత్ కేంద్రంతో కలిపి 4,987 కోట్ల పనిని మేఘా సంస్థ 4,358 కోట్లకు తీసుకుంది. 628 కోట్లు మిగిల్చామని చెప్పుకున్నారు. అయితే ఆ పోటీకి వచ్చింది ఒకే ఒక్క కంపెనీ. ఒకడే పరిగెత్తిన పందెంలో మొదటి బహుమతి ఇచ్చినట్టు. ఈ మధ్యలో వరదలకి డయాఫ్రం వాల్ దెబ్బతింది. తప్పు మీదంటే మీదని రెండు పార్టీలూ ఏళ్ళ తరబడి అరుచుకున్నాయి. 2025లో కొత్త గోడ మొదలుపెట్టారు. ఆ డబ్బూ జనానిదే.

మూడు కంపెనీలు మారాయి, ప్రభుత్వాలు మారాయి. ముంపులో ఊరు పోయినోడి సంగతి మాత్రం మారలేదు. పునరావాస కాలనీలో ఇల్లు ఎప్పుడిస్తారని గోదావరికి వరద వచ్చినప్పుడల్లా గుట్టెక్కి అడుగుతానే ఉన్నాడు. పని ఎవరికి ఇవ్వాలన్న మాట వచ్చినప్పుడు, ఆ పనికి భూమి ఇచ్చినోడిని ఒక్కసారైనా ఎవరైనా పిలిచి అడిగారా?

ఇక మన జిల్లా పెద్దల సంగతి. నారావారిపల్లెలో పుట్టి, కుప్పం నుంచి గెలుస్తూ వస్తున్న చంద్రబాబు నాయుడు గారిని 2023 సెప్టెంబరు 9న స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో అరెస్టు చేశారు. టెండర్ లేకుండా నామినేషన్ మీద ఒప్పందం చేసి 371 కోట్లు పక్కదారి పట్టించారని అప్పట్లో సీఐడీ ఆరోపించింది. ఇది రాజకీయ కక్ష అని ఆయన జవాబు. యాభై రోజులకి పైగా రాజమండ్రి జైల్లో ఉన్నారు, బెయిలు మీద వచ్చారు, 2024లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తర్వాత చక్రం అటు తిరిగింది. 2025లో మద్యం కేసు వచ్చింది. ప్రభుత్వ షాపులకి ఏ బ్రాండ్ ఎంత కొనాలనేది సిస్టమ్ ప్రకారం కాకుండా మనుషులు నిర్ణయించి, ముడుపులు తీసుకున్నారని సిట్ ఆరోపణ. ఆ కేసులో మన వైపు వాళ్ళే, చంద్రగిరి మాజీ ఎమ్మెల్యే చెవిరెడ్డి భాస్కర్ రెడ్డి గారు, రాజంపేట ఎంపీ మిథున్ రెడ్డి గారు అరెస్టయ్యారు. ఇది రాజకీయ కక్ష అని వాళ్ళ జవాబు. ఎవరు తప్పు చేశారు, ఎవరు చేయలేదు అని తేల్చాల్సింది కోర్టులు. మేం తేల్చం.

మేం చూసింది ఒకటే. రెండు కేసుల్లోనూ ఆరోపణ ఒకటే జాతిది: కొనేటప్పుడు అందరికీ ఒకే నియమం పాటించలేదని. రెండు కేసుల్లోనూ జవాబు అక్షరం తేడా లేకుండా ఒకటే. రెండూ ప్రభుత్వం మారాకే బయటికొచ్చాయి. దీంతో జనానికి ఏమర్థమైంది? అధికారంలో ఉన్నంతకాలం తప్పు ఉండదు, దిగిపోగానే తప్పు పుడుతుంది అని. నమ్మకం చచ్చిపోయేది ఇక్కడే.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2021 డిసెంబరులో రాష్ట్రం తన సొంత టెండర్ పిలవకుండా సెకితో 7,000 మెగావాట్ల సోలార్ కరెంటుకి, యూనిట్ 2.49 రూపాయలకి, 25 ఏళ్ళకి ఒప్పందం చేసుకుంది. దాని మీద అప్పట్లో హైకోర్టుకి పోయిన ప్రతిపక్ష నాయకుడు 2024లో ఆర్థిక మంత్రి అయ్యారు. ఆ ఏడాది నవంబరులో అమెరికాలో పెట్టిన కేసులో, ఈ కరెంటు ఒప్పందాల కోసం మన రాష్ట్రంలో 1,750 కోట్ల లంచం మాట నడిచిందని ఆరోపణ వచ్చింది. అదానీ సంస్థా కాదంది, అప్పటి పాలకులూ కాదన్నారు. కొత్త ప్రభుత్వం మాత్రం ఆ ఒప్పందాన్ని వెంటనే రద్దు చేయలేదు. ప్రతిపక్షంలో గొంతు ఒకటి, సెక్రటేరియట్‌లో గొంతు ఒకటి.

అట్లని నియమాలు పెట్టలేదా అంటే పెట్టారు. 100 కోట్లు దాటిన పనుల టెండర్‌ని ముందే ఒక జడ్జి చూడాలని 2019లో చట్టం తెచ్చారు. రివర్స్ టెండరింగ్ తెచ్చారు. ప్రభుత్వం మారాక రెండూ ఎత్తేశారు. అవి మంచివా చెడ్డవా అనే వాదన వేరే. ఒక ప్రభుత్వం పెట్టిన నియమం ఇంకో ప్రభుత్వానికి శత్రువైతే, ఇంక నియమం ఏంది? అది జెండా రంగు అవుతుంది.

5. టెండర్ పెడితే సరిపోతుందా?

మొదటి అన్నకి మా జవాబు ఇక్కడ. నామినేషన్ ఎత్తేసి అన్నిటికీ టెండర్ పెడితే దొంగతనం ఆగుతుందా? తిరుమల లడ్డూ నెయ్యి చూడండి. దానికి టెండర్ పిలిచారు. కిలో 320 రూపాయల లోపే వేసినోళ్ళకి ఇచ్చారు. కల్తీ గొడవ లేచాక 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు సీబీఐ పర్యవేక్షణలో సిట్ వేసింది. సిట్ చెప్పేది ఏందంటే, టెండర్ పట్టిన డెయిరీ పేరుకి మాత్రమే, వెనకనుంచి సరుకు పంపింది వేరేవాళ్ళు అని. అంటే టెండర్ ఒకరి పేరు మీద, సరుకు ఇంకొకరిది.

ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? మన కాలనీలో మన నాయన పేరు మీద జరిగేదీ, అంత పెద్ద గుడికి జరిగిందని చెప్తున్నదీ ఒకే పద్ధతి. టెండర్‌లో కాంట్రాక్టర్లు రింగ్ అయితే పోటీ ఉండదు. నామినేషన్‌లో పేరు అద్దెకి దొరికితే రిజర్వేషన్ ఉండదు. రెండిట్లోనూ మోసం దాక్కునే చోటు ఒకటే: కాగితం మీద ఉన్న పేరుకీ, పని చేసే చేతికీ మధ్య ఉన్న చీకటి. ఆ చీకట్లో లైటు వేయకుండా పద్ధతి పేరు మార్చితే ఏం లాభం?

6. నమ్మకం గురించి

మీటింగుల్లో పెద్దలు వచ్చి "మమ్మల్ని నమ్మండి, గిరిజన బిడ్డల భవిష్యత్తు మా బాధ్యత" అంటారు. మనోళ్ళు నమ్మిన చరిత్ర చాలా పెద్దది. శ్రీహరికోట దీవిలో యానాదులు తరతరాలుగా బతికారు. 1970 ప్రాంతంలో రాకెట్ కేంద్రం కోసం వాళ్ళని అక్కణ్ణుంచి కదిలించారు. దేశానికి రాకెట్ వచ్చింది, సంతోషమే. దీవి పోయిన ఇండ్లల్లో పిల్లోడు డిగ్రీ దాకా రావడానికి ఎన్ని తరాలు పట్టిందో లెక్క వేసుకోండి.

మనకి హక్కు నిలబడింది ఎప్పుడంటే, నమ్మకం పక్కన పెట్టి కాగితం పట్టుకున్నప్పుడు. విశాఖ ఏజెన్సీలో గిరిజనుల భూమిని మైనింగ్ కంపెనీలకి లీజుకి ఇస్తుంటే సమత సంస్థ కోర్టుకెక్కింది. 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరుల కంపెనీలకి లీజుకి ఇవ్వడానికి లేదని. ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో ఒక గిరిజనేతర వ్యక్తి లాంటిదే అని. ఎంత గొప్ప మాట! ఎన్నికల్లో గెలిచినంత మాత్రాన ప్రభుత్వానికి మన భూమిని తనకి నచ్చినోడి చేతిలో పెట్టే హక్కు రాదని చెప్పినట్టు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డ్ ఏరియా లేదు. మనకి ఆ చట్టం గొడుగు లేదు. అందుకే మనం ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

నమ్మకం అడిగితే వచ్చేది కాదు. కిరాణా కొట్టోడిని మనం ఎట్ల నమ్ముతాం? మన కళ్ళ ముందర తూకం వేస్తాడు కాబట్టి. తూకం లోపల వేసి, పొట్లం కట్టి బయటికి తెచ్చి "నమ్ము" అంటే ఎవరైనా నమ్ముతారా? నాయకులు మనల్ని అడుగుతున్నది ఆ పొట్లం నమ్మకం.

7. "గమ్మునుండు" అనే అన్నకి

అన్నా, మీ భయం మాకు తెలుసు. మాట్లాడితే ఆ 6 శాతం కూడా పోతుందని. కానీ పోవడానికి అది మన దగ్గర ఉంటే కదా? మన చేతిలో ఉన్నది ఆ వాటా తాలూకు అద్దె మాత్రమే. దాన్ని కాపాడుకోవడానికి మనం గమ్మునుంటే, మన మౌనం కూడా వాళ్ళ లైసెన్సుకి జతచేసిన కాగితం అవుతుంది.

పలమనేరు దాటితే కర్ణాటక. అక్కడ ఏం చేశారో చూడండి. టెండర్ల చట్టాన్నే సవరించి, ఒక హద్దు లోపల ఉన్న పనుల్లో ఎస్సీలకి 17.15 శాతం, ఎస్టీలకి 6.95 శాతం కేటాయించారు. ఆ హద్దు మొదట 50 లక్షలు, 2023లో కోటికి పెంచారు. ఆ పనులకి టెండరే పిలుస్తారు, కానీ పోటీ మనలో మనకే. అక్కడ బినామీలు లేరని మేం చెప్పడం లేదు. తేడా ఏందంటే, అక్కడ వాటా ఒక అధికారి పెన్నులో లేదు, నోటీసులో ఉంది. నోటీసు ఉంటే చదువుకున్న పిల్లోడు చదువుతాడు. చదివితే అడుగుతాడు. మనలో ఇప్పుడు డిప్లొమా సివిల్ చదివినోళ్ళు, బీటెక్ చదివినోళ్ళు ఉన్నారు. పని రాదు కాబట్టి పేరు మాత్రం ఇస్తాం అనే కాలం పోయింది.

అందుకే మేం అడిగేవి ఇవి. ఏ పార్టీ వాళ్ళు వచ్చినా ఇవే అడుగుదాం.

ఒకటి. నామినేషన్ మీద ఇచ్చిన ప్రతి పని వివరం సచివాలయం గోడ మీద రాయాలి. పని పేరు, ఎంత మొత్తం, ఎవరికి ఇచ్చారు, వాళ్ళ కేటగిరీ, ఎందుకు టెండర్ పిలవలేదు, బిల్లు ఎప్పుడు ఇచ్చారు. ఆరు గడులు. ఒక డబ్బా పెయింటు చాలు.

రెండు. అత్యవసరం అని ఇస్తే ఆ అత్యవసరం ఏందో రాయాలి. చెరువు తెగితే అత్యవసరం. ఎమ్మెల్యే గారు ప్రారంభోత్సవానికి వస్తున్నారని రోడ్డు వేయడం అత్యవసరం కాదు.

మూడు. ఎస్టీలకి కేటాయించిన పనుల్ని ముందే ప్రకటించి, మనోళ్ళలో మనకే పోటీ పెట్టాలి. డిపాజిట్ కట్టలేనోళ్ళకి, మెటీరియల్ కొనలేనోళ్ళకి బ్యాంకు నుంచి ముందు పెట్టుబడి ఇప్పించాలి. చేతిలో రూపాయి లేనోడికి కాంట్రాక్టు ఇస్తే, పక్కనోడు వచ్చి పేరు కొనుక్కోక ఏం చేస్తాడు? బినామీ పుట్టేది అక్కడే.

నాలుగు. పేరు అద్దెకి తీసుకున్న పెద్దమనిషిని పట్టుకోవాలి. పేరు ఇచ్చిన పేదోడిని ముందు జైలుకి పంపితే ఇంక ఎవడూ నోరు తెరవడు. నిజం చెప్పినోళ్ళ కార్డులు, పిల్లల స్కాలర్‌షిప్పులు ఆగకూడదు.

8. మనం చేయగలిగింది

అడగడం ఒక్కటే కాదు, ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక పని చేద్దాం. సమాచార హక్కు చట్టం 2005 కింద ఒక దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. పేదరిక రేఖకి దిగువన ఉన్న ఇంటివాళ్ళకి అదీ లేదు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. ఎందుకు అడుగుతున్నావు అని వాళ్ళు అడగడానికి లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు.

ఏం అడగాలంటే: గత మూడేళ్ళలో మా పంచాయతీలో నామినేషన్ మీద ఇచ్చిన పనుల జాబితా, ఒక్కో పని మొత్తం, ఎవరికి ఇచ్చారు, వాళ్ళది ఏ కేటగిరీ, ఎం బుక్కు నకలు, బిల్లు చెల్లించిన తేదీలు. జాబితా వచ్చాక కాలనీలో కూర్చుని గట్టిగా చదవండి. మనోళ్ళ పేరు వస్తే, "ఈ పని నువ్వు చేశావా మామా?" అని మెల్లగా అడగండి. ఆయన్ని దొంగలా చూడొద్దు. ఆయన దగ్గర నుంచి చెక్కు బుక్కు తీసుకున్నోడిని చూడండి.

ఒంటరిగా దరఖాస్తు పెడితే ఊర్లో బెదిరిస్తారు, అది మాకూ తెలుసు. అందుకే ఐదుగురు, పది మంది కలిసి పెట్టండి. వేరే మండలంలో ఉన్న స్నేహితుడు మీ ఊరి గురించి పెట్టొచ్చు, మీరు వాళ్ళ ఊరి గురించి పెట్టొచ్చు. చట్టంలో దానికి అడ్డేమీ లేదు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లోనే మొదలైంది. ఊరి మధ్యలో లెక్కలు చదివితే, కూలోళ్ళు లేచి "నేను ఆ పని చేయలేదు, నా పేరు ఎట్ల వచ్చింది" అని అడిగారు. డబ్బులు వెనక్కి కట్టించిన ఊర్లు ఉన్నాయి. చదువు రాని మన అమ్మలు అప్పుడు ఆ పని చేశారు. చదువొచ్చిన మనం ఫోన్ చూస్తూ "అందరూ దొంగలే" అని రాసి పడుకుంటే ఎట్ల?

అందరూ దొంగలే అనుకోవడం చానా సుఖం. దాంట్లో మనం చేయాల్సింది ఏమీ ఉండదు. ఎవరి పేరు, ఎంత మొత్తం, ఏ తేదీ అని అడగడం కష్టం. కానీ నాయకుడు ఇబ్బంది పడేది ఆ రెండో దానికే.

ఇంకో మాటతో ముగిస్తాం. ఈ రోజు రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు, తిన్నారా అని అడిగాక, ఇది కూడా అడగండి: "నాయనా, మన పేరు మీద ఎవరైనా లైసెన్సు తీశారా? చెక్కు బుక్కు యాడుంది?" జవాబు ఏమొచ్చినా గ్రూపులో పెట్టండి. ఊరు పేరు, ఇంటి పేరు పెట్టొద్దు, మండలం చాలు. ఎన్ని మండలాలవుతాయో లెక్క వేద్దాం. ఆ లెక్క పట్టుకుని మాట్లాడదాం.

జై ఆదివాసీ. జై భీమ్.

తిరుపతి హాస్టళ్ళ గిరిజన విద్యార్థులం